రెండోసారి వచ్చే గిరాకీ

(నల్లగొండలో చిన్న దుకాణదారుల కోసం, మహిళా సంఘాల సభ్యుల కోసం జరిగిన ఒక సమావేశంలో, పిండివంటల దుకాణం నడిపే ఒక మహిళ చేసిన ప్రసంగం ఇది. ఆమె మాట్లాడిన తీరు చెడకుండా రాశాం.)

అందరికీ నమస్కారం. అన్నలకు, అక్కలకు, తమ్ముళ్ళకు, ముందు వరుసలో కూర్చున్న పెద్దమ్మలకు.

మొదలుపెట్టే ముందు ఒక మాట. వెనక టేబుల్ మీద రెండు డబ్బాలు పెట్టాను. ఒకదానికి ఎర్ర మూత, ఒకదానికి నీలం మూత. రెండిట్లోనూ సకినాలే. ఇప్పుడే తెరవకండి. చివర్లో వాటితో నాకు పనుంది. తమ్ముడూ, నువ్వు ఆ టేబుల్ పక్కనే కూర్చున్నావు, నీ మీద ఒక కన్ను వేసే ఉంచుతాను. (నవ్వులు)

మార్కెటింగ్ గురించి ఒక గంట మాట్లాడమని నన్ను పిలిచారు. నేను పదో తరగతితో చదువు ఆపేసిన దాన్ని. దుకాణం తెరిచిన రోజుల్లో మార్కెటింగ్ అంటే నాకు తెలిసింది ఫ్లెక్సీ ఒక్కటే. ఆ ఏడు దసరాకు రెండు పెద్ద ఫ్లెక్సీలు కొట్టించాను. ఒకటి క్లాక్‌టవర్ సెంటర్ దగ్గర, ఒకటి మా గల్లీ మొదట్లో. ఆటోకు మైకు కట్టించి మూడు రోజులు ఊరంతా తిప్పించాను. పేపర్లలో పాంప్లెట్లు పెట్టించాను. అన్నీ కలిపి 18,000 రూపాయలైంది. పండగ నాలుగు రోజులూ దుకాణం ముందు నిలబడటానికి చోటు లేదు. గల్లా నిండింది. మా ఆయన కూడా మొదటిసారి నన్ను చూసి మెచ్చుకోలుగా తల ఊపాడు.

దీపావళికి ఆ జనంలో పదిమంది కూడా రాలేదు.

కారణం తెలియడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఆ దసరాకు గిరాకీ ఎక్కువై, పొద్దున పట్టించిన తడిపిండిని సాయంత్రం దాకా వాడాం. తడి ఆరిన పిండితో సకినాలు చుడితే ఏమవుతుందో ఇక్కడున్న ఆడవాళ్ళందరికీ తెలుసు. రాయి. కొరికితే పన్ను కదులుతుంది. అంటే నేను 18,000 ఖర్చుపెట్టి మరీ, మా సకినాలు బాగుండవని ఊరందరికీ చెప్పుకున్నాను. మైకు పెట్టి చెప్పుకున్నాను.

తర్వాత మా అమ్మాయి ఎంబీఏ చదివేటప్పుడు నాతో అంది, "అమ్మా, మార్కెటింగ్‌లో నాలుగు ముక్కలుంటాయి. వస్తువు, ధర, చోటు, ప్రచారం. 1960లో మెకార్తీ అనే అమెరికా ప్రొఫెసర్ ఇట్లా విడదీసి చెప్పాడు." నేను అన్నాను, "ఆయన చెప్పిన వరసలో నేను నాలుగోదానితో మొదలుపెట్టానే బిడ్డా." చాలామంది అక్కడే మొదలుపెడతారు, ఎందుకంటే ప్రచారానికి పైసలుంటే చాలు. మిగతా మూడింటికీ మనం కూర్చుని ఆలోచించాలి.

ఇప్పుడు మన ఊరి సంగతి ఒకటి చూడండి. హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్ మీదుగా పోతుంది. నల్లగొండ టౌన్‌లోకి రాదు. హైవే మీద హోటల్ పెట్టినాయనకు రోజూ కొత్త ముఖాలే. ఇవాళ టీ నీళ్ళలా ఉన్నా రేపు తాగేది ఇంకొకరు. ఆయనకు పెద్ద బోర్డు కావాలి, బండ్లు ఆపుకునే జాగా కావాలి, శుభ్రమైన బాత్రూం కావాలి. అంతే ఆయన మార్కెటింగ్. మనకు అట్లా కాదు. మన గల్లీకి వచ్చేది ఆ రెండు మూడు వందల ఇళ్ళవాళ్ళే. ఒకసారి మోసపోయినవాడు మళ్ళీ రాడు, రాకపోగా ఇంకో నలుగురికి చెబుతాడు. కాబట్టి మనలాంటి ఊళ్ళలో వ్యాపారం మొదటిసారి వచ్చే గిరాకీ మీద కాదు, రెండోసారి వచ్చే గిరాకీ మీద నడుస్తుంది. నేను ఇవాళ చెప్పేదంతా దీని చుట్టే తిరుగుతుంది.

ఆ దసరాకు వచ్చిన కొత్తవాళ్ళలో ఆ తర్వాత మాకు పర్మనెంట్‌గా మిగిలింది తొమ్మిది మంది. 18,000ని తొమ్మిదితో భాగించండి. ఒక్కో గిరాకీని నేను 2,000 పెట్టి కొన్నట్టు. అదే సమయంలో, నెలకు 600 రూపాయల సరుకు తీసుకునే ఒక టీచరమ్మ మా దుకాణానికి రావడం మానేసింది. నెలకు 600 అంటే ఏడాదికి 7,200. ఆమె మానేసిన సంగతి నేను మూడు నెలలు గమనించనే లేదు. ఫ్లెక్సీల పనిలో ఉన్నాను కదా!

ఆమె రామగిరిలో ఉంటుంది. జీతం పడగానే కిలో మడుగులు (మురుకులు), అరకిలో గవ్వలు తీసుకెళ్ళేది. ట్రాన్స్‌ఫర్ అయిందేమో అనుకున్నాను. ఒకరోజు కూరగాయల దగ్గర ఎదురుపడింది. "ఏం టీచరమ్మా, కనిపించడమే మానేశారు" అన్నాను. ఆమె కాసేపు మొహమాటపడి చెప్పింది. "కౌంటర్లో మీ అబ్బాయి ఫోన్ చూసుకుంటూ ఉంటాడమ్మా. రెండుసార్లు నిలబడ్డాను, తల ఎత్తలేదు. మూడోసారి రాబుద్ధి కాలేదు."

నేను పిండిలో నువ్వులు తగ్గాయా, నూనె మారిందా అని ఏవేవో ఊహించుకుంటున్నాను. కారణం ఆ పిల్లగాడి ఫోన్. ఏ ఫ్లెక్సీ దాన్ని బాగు చేస్తుంది చెప్పండి?

ఆ రోజు సాయంత్రమే ఒక రూళ్ళ నోటుబుక్కు కొన్నాను. దాంట్లో నాలుగు గీతలు: పేరు, ఫోన్ నంబరు, ఏం తీసుకున్నారు, ఏ తారీకు. నెలకు ఒక్కసారైనా వచ్చేవాళ్ళవే రాస్తాను, దారిన పోయేవాళ్ళవి కాదు. ప్రతి సోమవారం మధ్యాహ్నం గిరాకీ తక్కువ. ఆ టైంలో పుస్తకం తీసి, నెలన్నర నుంచి కనబడని పేర్లు వెతుకుతాను. ఐదుగురికి ఫోన్ చేస్తాను. ఐదుగురికే. ఎక్కువ చేస్తే మాట తూతూమంత్రంగా వస్తుంది.

ఫోన్‌లో "ఎందుకు రావట్లేదు" అని అడగను. అట్లా అడిగితే బాకీ వసూలు చేస్తున్నట్టుంటుంది. "నిన్న గవ్వలు చేశాం, మీ చిన్నోడు ఇష్టంగా తినేవాడు కదా, గుర్తొచ్చాడు" అంటాను. అంతే. మిగతాది వాళ్ళే చెబుతారు. ఒకామె ఇల్లు మారిందట. ఒకాయనకు షుగర్ వచ్చిందట. ఇంకొకామె మొహమాటం లేకుండా "మీ నూనె వాసనొస్తోంది" అంది. ఆమె మాటతో మేం నూనె మార్చే రోజులు మార్చుకున్నాం. షుగర్ వచ్చినాయన లాంటివాళ్ళు ఒక నెలలో నలుగురు తగిలారు. అప్పుడు "బెల్లం, పంచదార లేని కారం రకాలు ఇంకా ఏం చేయొచ్చు" అని ఆలోచించి, జొన్నపిండి మడుగులు మొదలుపెట్టాం. ఇవాళ మా దుకాణంలో ఎక్కువ పోయే నాలుగు రకాల్లో అదొకటి. ఆ ఆలోచన పోయిన గిరాకీ దగ్గర నుంచి వచ్చింది.

ఇక బోర్డు సంగతి. మా మొదటి బోర్డు మీద పైన ముగ్గురు దేవుళ్ళు, మధ్యలో మా ఆయన ముచ్చటపడి పెట్టిన ఇంత పొడుగు పేరు, కింద "ఇచ్చట సకల విధముల పిండివంటలు, పచ్చళ్ళు, పొడులు ఆర్డర్లపై స్వచ్ఛమైన నూనెతో తయారుచేసి సరఫరా చేయబడును". దేవుళ్ళకు దండం పెడతాను కానీ, బండి మీద పోయేవాడు ఇదంతా ఎప్పుడు చదవాలి? ఒకరోజు నేనే మా తమ్ముడి బండి వెనక కూర్చుని నా దుకాణం ముందు నుంచి పోయాను. ఒక్క ముక్క కూడా పట్టలేదు. ఆ పని మీరూ చేయండి. ఎదురుగా నిలబడి చూస్తే మన బోర్డు మనకు ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది.

జనం మమ్మల్ని ఆ పొడుగు పేరుతో ఎన్నడూ పిలవలేదు. "సకినాల దుకాణం" అనేవాళ్ళు. ఆటో ఎక్కి "సకినాల దుకాణం కాడ ఆపు" అంటే ఆపేస్తారు. మరి జనమే పేరు పెట్టాక మనకేం బాధ? కొత్త బోర్డు మీద "సకినాలు" అని రెండడుగుల అక్షరాలు, కింద ఫోన్ నంబరు. మిగతావి లోపలికి వచ్చాక చూసుకుంటారు. మా ఆయన వారం రోజులు ముఖం మాడ్చుకున్నాడు. ఇప్పటికీ ఆ పాత బోర్డు మేడ మీద రేకు కింద భద్రంగానే ఉంది.

అన్నీ అమ్మండి, కానీ ఒక్కదానితో గుర్తుండిపోండి. మన చుట్టూ చూడండి. గద్వాల అనగానే నూలు చీరకు పట్టు అంచు కలిపిన నేత కళ్ళ ముందుకొస్తుంది. నారాయణపేట అనగానే ఆ చిన్న గళ్ళు. పుట్టపాక అంటే తేలియా రుమాల్ అనే నేతబట్ట. ఊరు పేరే సరుకు పేరైపోయింది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో, గద్వాల చీరకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఆ పేరు పెట్టుకుని ఎవరు పడితే వాళ్ళు అమ్మకూడదని చట్టం. అయినా బజార్లో పోచంపల్లి డిజైన్‌ను ప్రింటు కొట్టి తక్కువకు అమ్మేవాళ్ళకు కొదవలేదు.

ఒకసారి మా అమ్మాయి పెళ్ళి చీరల కోసం పోచంపల్లి పోయాం. ఇప్పుడది యాదాద్రి భువనగిరి జిల్లాలోకి పోయింది కానీ మా మనసులో ఇంకా నల్లగొండే. ఒక నేత ఇంట్లో కూర్చున్నాం. నేను గడుసుగా, "ఇదే డిజైన్ మా ఊళ్ళో సగం ధరకు వస్తోంది" అన్నాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. మాటకు మాట చెప్పలేదు. చీర కొంగు పట్టుకుని, చాప మీద తిరగేసి పరిచాడు. "చూడండమ్మా" అన్నాడు. వెనక వైపు కూడా రంగు అంతే నిండుగా, డిజైన్ అంతే స్పష్టంగా ఉంది. ఇక్కత్‌లో నూలును ముందే చిటికీలు, అంటే ముడులు, కట్టి రంగులద్ది, తర్వాత నేస్తారు. రంగు దారంలోనే ఉంటుంది కాబట్టి రెండు వైపులా ఒకేలా కనబడుతుంది. ప్రింటు చీరను తిరగేస్తే వెనక వెలవెలబోతుంది. "మీ ఊళ్ళో చీర కొనేటప్పుడు ఒక్కసారి తిరగేసి చూడండి, నచ్చితే అదే తీసుకోండి" అన్నాడు. నేను మారు మాట్లాడకుండా మూడు చీరలు తీసుకున్నాను.

నేను చూసిన మార్కెటింగ్ అంతటిలో ఆ చీర తిరగేయడాన్ని మించింది లేదు. "మాది నాణ్యమైనది" అని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. ఆ మాట అందరూ అంటారు, కల్తీ చేసేవాడు ఇంకాస్త గట్టిగా అంటాడు. ఆయన చేసింది, నాణ్యత ఎట్లా చూసుకోవాలో నాకు నేర్పడం. అది నేర్చుకున్నాక ప్రింటు చీర నా కళ్ళకు ఆనదు. మీరూ మీ సరుకులో "తిరగేసి చూపించే" చోటు ఏదో వెతకండి. టైలర్ అన్నలకు లోపలి కుట్టు. మొబైల్ రిపేర్ చేసే తమ్ముళ్ళకు, తీసేసిన పాత పార్టును కవర్లో పెట్టి గిరాకీ చేతికే ఇవ్వడం. నేనైతే సకినాలు చుట్టే చోటును దుకాణం వెనక నుంచి ముందుకు తెచ్చాను. గాజు పలక ఇవతల తెల్ల బట్ట పరిచి ఉంటుంది. మా దగ్గర పనిచేసే అక్క ఇంత పిండి చేతిలోకి తీసుకుని, మూడు వేళ్ళ మధ్య మెలితిప్పుతూ, చుట్టు పక్కన చుట్టు వేస్తూ పోతుంది. దారం పోగు జారినట్టు జారుతుంది పిండి. చిన్న పిల్లలు గాజుకు ముక్కు ఆనించి చూస్తారు. వాళ్ళ వెనక అమ్మలు చూస్తారు. కిలో ఇంత ధర ఎందుకని అడిగేవాళ్ళు ఆ తర్వాత సగమయ్యారు.

ధర మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుదాం. నిజం చెప్పాలంటే రెండేళ్ళు నేను నష్టానికి అమ్మాను, నాకు తెలియకుండానే.

అప్పట్లో మా సకినాలు కిలో 240. బియ్యం, నువ్వులు, వాము, నూనె కలిపి 130. గ్యాస్ 20. చుట్టే అక్క కూలి 45. కవరు 5. మొత్తం 200. కిలోకు 40 మిగులుతోందని సంబరపడేదాన్ని. ఏ రకం లెక్క తీసినా దాదాపు ఇంతే. మా అమ్మాయి ఒకరోజు కాగితం పెట్టుకుని కూర్చుంది. "అమ్మా, మడిగె కిరాయి ఎంత?" 7,000. "కరెంటు?" 1,500. "కౌంటర్లో అబ్బాయి జీతం?" 9,000. మొత్తం 17,500. "నెలకు అన్నీ కలిపి ఎన్ని కిలోలు అమ్ముతున్నావు?" 250. కిలోకు 40 చొప్పున 10,000 వస్తోంది, 17,500 పోతోంది. నెలకు 7,500 నష్టం. మరి దుకాణం ఎట్లా నడుస్తోంది? మా ఆయన జీతంతో నడుస్తోంది. పొద్దున నాలుగింటికి లేచే నా కష్టానికి ఆ లెక్కలో ఒక్క రూపాయి కూడా లేదు. మన ఆడవాళ్ళ వ్యాపారాల్లో ఈ జబ్బు చాలా ఎక్కువ. ఇంటి నూనె, ఇంటి గ్యాస్, మన రెక్కలు, ఏవీ లెక్కలోకి రావు.

ధర 340 చేశాను. చేతులు వణికాయి. నెల అమ్మకం 250 నుంచి 210 కిలోలకు పడింది. కానీ కిలోకు 140 మిగిలింది. 210 కిలోలకు 29,400. దాంట్లో 17,500 తీసేస్తే 11,900. తక్కువ పిండి కలిపి, తక్కువ వేయించి, మొదటిసారి చేతిలో పైసలు చూశాను. అందరూ రేట్లు పెంచేయండని చెప్పడం లేదు. పక్క దుకాణంలో దొరికే అదే సబ్బు, అదే పప్పు అమ్మే కిరాణా అన్నలు ఇట్లా పెంచలేరు. వాళ్ళ ఆట వేరు. మన చేతి పనికి మనం వేసుకునే ధర గురించే ఈ మాట.

ఇప్పుడు డిస్కౌంట్. పండగ రాగానే "10 శాతం తగ్గింపు" అని రాసేస్తాం. మాట వరసకు కిలో 400 అనుకోండి, అన్ని ఖర్చులూ పోను 100 మిగులుతుంది. 30 కిలోలు అమ్మితే 3,000. పది శాతం తగ్గిస్తే 40 పోయింది, మిగిలింది 60. అదే 3,000 రావాలంటే 50 కిలోలు అమ్మాలి. పది శాతమే కదా అనుకుంటాం. దాని కోసం 20 కిలోలు అదనంగా చుట్టాలి, వేయించాలి. ఎవరు? మనమే.

మన పెద్దవాళ్ళకు డిస్కౌంట్ తెలియదు. వాళ్ళకు కొసరు తెలుసు. తూకం అయిపోయాక, కళ్ళ ముందే, ఇంకో నాలుగు వంకాయలు, గుప్పెడు కొత్తిమీర సంచిలో పడేసేవాళ్ళు. నేను కిలో తూచి, కవరు కట్టే ముందు రెండు సకినాలు పైన వేస్తాను. పిల్లలుంటే చేతికే ఇస్తాను. నాకు పడేది పది రూపాయల లోపు. కానీ 40 రూపాయల తగ్గింపు ఇచ్చినప్పుడు ఎవరూ నా ముఖం చూసి నవ్వలేదు, ఆ రెండు సకినాలకు నవ్వుతారు. ఇంకో తేడా కూడా ఉంది. ఒకసారి ధర తగ్గిస్తే, రేపు మామూలు ధర చెప్పినప్పుడు "నిన్న తక్కువే కదా" అంటారు. కొసరుకు ఆ గొడవ లేదు.

కొత్తవాళ్ళకు రుచి చూపించడానికి మాత్రం చిన్న ప్యాకెట్ పెట్టండి. తమిళనాడులో 1983లో సి.కె. రంగనాథన్ 15,000 రూపాయలతో చిక్ షాంపూ మొదలుపెట్టాడు. సీసా కొనలేని పల్లె జనానికి చిన్న ప్యాకెట్లలో అమ్మాడు. ఇవాళ మన కిరాణా దుకాణాల ముందు వేలాడే ఆ షాంపూ దండలు అట్లాంటి ఆలోచన ఫలమే. నేను 10 రూపాయల ప్యాకెట్ బడి వదిలే టైంకు బయట పెడతాను. దాని మీద లాభం చూసుకోను.

సీజన్ గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిందే. బతుకమ్మ, దసరా, సంక్రాంతి. మాఘం, ఫాల్గుణం పెళ్ళిళ్ళు. మూఢం వస్తే ఈగలు తోలుకోవడం. చెర్వుగట్టు శివుడి గుడికి అమావాస్య నాడు జనం పోటెత్తుతారు. మన పల్లెల్లో పైసలు ఆడేది వడ్లు కొనుగోలు కేంద్రంలో తూకమయ్యాక. గోడ మీద క్యాలెండర్‌లో మీ మీ వ్యాపారానికి తగ్గట్టు ఈ రోజులన్నీ ఎర్ర పెన్నుతో చుట్టండి. పండగకు వారం ముందు మేలుకుంటే సరుకే దొరకదు.

ఫోన్ సంగతికొస్తాను. కుర్రవాళ్ళు దీనికోసమే ఎదురుచూస్తున్నట్టున్నారు.

గూగుల్ మ్యాప్‌లో మీ దుకాణం పెట్టుకోవడానికి ఒక్క పైసా ఖర్చు లేదు. "గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, డబ్బు కడితే మీ షాపు మొదటి పేజీలో చూపిస్తాం" అని ఫోన్లొస్తాయి. ఫోన్ పెట్టేయండి. ఓటీపీ అడిగితే ఇంకా తొందరగా పెట్టేయండి. మేం పెట్టినప్పుడు పిన్ను పక్క గల్లీలో పడింది. ఆరు నెలలు జనం ఒక డాక్టర్ గారి ఇంటి తలుపు కొట్టి సకినాలు అడిగారు. (నవ్వులు) ఆయన ఓపిక గొప్పది. మీ దుకాణం ముందు నిలబడి పిన్ను సరిచూసుకోండి. మధ్యాహ్నం మూసే దుకాణమైతే ఆ టైం కూడా రాయండి. ఎండన పడి వచ్చి షట్టర్ చూసి పోయినవాడు మళ్ళీ రాడు.

ఒకాయన మాకు ఒక్క స్టార్ ఇచ్చి, "సకినాలు గట్టిగా ఉన్నాయి, డబ్బు దండగ" అని రాశాడు. నాకు ఒళ్ళు మండింది. "మీ పళ్ళు చూపించుకోండి" అని టైపు చేశాను. మా అమ్మాయి ఫోన్ లాక్కుంది. చివరికి "ఏ రోజు తీసుకున్నారో చెప్పండి, ఆ రోజు పిండి చూసుకుంటాం. ఈసారి వచ్చినప్పుడు మార్చి ఇస్తాం" అని రాసింది. ఆయన వచ్చాడో లేదో నాకు తెలియదు. కానీ కొత్తగా వచ్చినవాళ్ళు ఇద్దరు ముగ్గురు "మీరు ఇచ్చిన జవాబు చదివాం" అన్నారు. ఆ జవాబు చదివేది తిట్టినాయన ఒక్కడే కాదు, రేపు వచ్చే గిరాకీ కూడా.

వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితం. సరుకు ఫొటోలు, ధరలు క్యాటలాగ్‌లో పెట్టుకోవచ్చు. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది దాకా పెట్టొచ్చు, కానీ వాళ్ళు మీ నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకుంటేనే మీ మెసేజ్ వాళ్ళకు చేరుతుంది. ఇది తెలియక చాలామంది గాలిలోకి పంపుతున్నారు. కవరు కట్టేటప్పుడే "నంబరు సేవ్ చేసుకోండి, వేడివేడిగా చేసిన రోజు చెబుతాను" అని అడగండి. గుడ్ మార్నింగ్ పూలు పంపకండి. మీ అందరి కాళ్ళు పట్టుకుంటాను, పంపకండి. నేను వారానికి ఒకటే పంపుతాను. సాయంత్రం నాలుగింటికి, బాణలిలోంచి జల్లిగంటెతో తీస్తున్నప్పటి ఫొటో. ఆ టైంకు ఆఫీసుల్లో అందరికీ ఆకలిగానే ఉంటుంది.

పిల్లలు హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకు ఆర్టీసీ కార్గోలో పంపుతాం. ప్యాకెట్ కట్టి అమ్మితే మాత్రం దాని మీద తయారుచేసినవారి పేరు, అడ్రసు, బరువు, ప్యాక్ చేసిన తేదీ, అన్ని పన్నులతో కలిపి ఎంఆర్‌పీ, ఫిర్యాదుకు ఫోన్ నంబరు, ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ సంస్థ ఇచ్చిన 14 అంకెల నంబరు, శాకాహారానికి ఆకుపచ్చ చుక్క ఉండాలి. చట్టమంటే భయంతోనే నేనూ మొదట పెట్టాను. తర్వాత చూస్తే, ఆ ఫోన్ నంబరు చూసే కూకట్‌పల్లి నుంచి, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఆర్డర్లు రావడం మొదలైంది. కూతురికి పంపితే, కూతురి పక్కింటామె కవరు చూసి ఫోన్ చేస్తుంది.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక కిరాణా వ్యాపారి: "అక్కా, ఉద్దెర ఇస్తే పైసలు పోతున్నయ్, ఇయ్యకపోతే గిరాకీ పోతుంది. ఏం చేయమంటవ్?")

అన్నా, "అరువు రేపు" అని బోర్డు పెట్టేయమని చెప్పడం తేలిక. పెడితే మీ దుకాణం ఖాళీ అవుతుంది. రైతుకు పైసలు నెలనెలా రావు, పంటకు వస్తాయి. మన ఊళ్ళలో ఉద్దెర కూడా మార్కెటింగే. అందుకే దాన్ని దానంలా కాకుండా ఖర్చులా చూడండి. ఒక్కో ఇంటికి ఇంతవరకే అని ముందే గీత గీసుకోండి, ఆ గీత మొదటి రోజే చెప్పండి. బాకీ పెరిగాక చెబితే అవమానంగా ఉంటుంది. రాసేటప్పుడు వాళ్ళ ముందే రాసి, పేజీ ఫొటో తీసి వాట్సాప్ చేయండి. సగం తగాదాలు "నేను అంత తీసుకోలేదు" దగ్గరే మొదలవుతాయి. ఇంకో సంగతి చూడండి. బాకీ పడ్డవాడు మీ దుకాణం తప్పించుకుని, నగదు పెట్టి పక్క దుకాణంలో కొంటాడు. మీకు బాకీ పోయింది, గిరాకీ కూడా పోయింది. అట్లాంటివాడు కనబడితే మీరే పిలిచి, "బాకీ సంగతి వడ్లు అమ్మినంక చూద్దాం, ఇవాళ్టి సరుకు నగదుకు తీసుకపో" అనండి. నేను ఇద్దరి విషయంలో చేశాను. ఒకాయన మొత్తం కట్టాడు. ఒకాయన ఇంకా కట్టలేదు, కానీ ప్రతి వారం వచ్చి నగదుకు కొంటున్నాడు.

(ముందు వరుసలో ఒక పెద్దావిడ: "బిడ్డా, నేను అంగట్ల కూరగాయలమ్ముత. నాకు ఫోను సక్కగ రాదు. మరి నాకేంది?")

పెద్దమ్మా, నీ దగ్గర కొన్నవాళ్ళ పిల్లల పేర్లు నీకు తెలుసా? (ఆవిడ: "ఎందుకు తెల్వదు? అందరివి తెలుసు.") ఎవరికి ఏ కూర పడదో తెలుసా? ("తెలుసు.") నేను నోటుబుక్కులో రాసుకునేది అదే. నీకు బుక్కు కూడా అక్కర్లేదు. మనవడితో చెప్పి నీ కాడ క్యూఆర్ అట్ట ఒకటి పెట్టించుకో, చిల్లర లేదని వెనక్కి పోయేవాళ్ళు ఆగుతారు. చాలు.

సరే, టీ వచ్చింది. ఇప్పుడు ఆ డబ్బాల సంగతి. ఒకదాంట్లో ఎప్పుడూ చేసే సకినాలు. రెండోదాంట్లో నువ్వులు కాస్త పెంచి, వాము తగ్గించి చేసినవి. ఏది ఏదో నేను చెప్పను. సంక్రాంతికి ఏది చేయాలో తేలక ఇక్కడికి తెచ్చాను. ఇంతమంది ఒకే చోట మళ్ళీ ఎప్పుడు దొరుకుతారు? పక్కన చీటీలు, పెన్ను ఉన్నాయి. ఎర్ర మూతా, నీలం మూతా అన్నది ఒక్కటే రాయండి. మొహమాటానికి "రెండూ బాగున్నాయి" అని రాయకండి, అట్లాంటి చీటీ నాకు దేనికీ పనికిరాదు. పెద్దమ్మా, నువ్వు నోటితో చెప్పు, నేను రాసుకుంటాను. తమ్ముడూ, ఇక మూత తియ్యి.